చెవి నిలబడకపోతే తప్పెవరిది?



పోయిన వారం ఉప్పు గాలికి ఇనప సామాను తుప్పు పట్టకుండా ఏం చెయ్యాలో మాట్లాడుకున్నాం. ఈ వారం కొత్తిమీర నిల్వ గురించి రాద్దామని కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఇంతలో పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది. కొత్తిమీర వారం ఆగుతుంది గానీ ఈ ఉత్తరం ఆగేది కాదు. మీరే చదవండి.

"అక్కయ్యా, మాది మైపాడు దగ్గర చిన్న పల్లె. మా ఆయన రాత్రిళ్ళు రొయ్యల గుంటల కాడ కాపలా ఉంటాడు. ఇంట్లో నేనూ, మా అత్తా, తొమ్మిదేళ్ళ పాప. ఇంటి వెనక సరుగుడు తోట, అది దాటితే సముద్రమే. ఆడవాళ్ళకి తోడుగా ఉంటాదని ఆరు నెలల క్రితం ఆల్సేషియన్ పిల్ల అంటే పన్నెండు వేలు పెట్టి కొన్నాం. అందులో ఏడు వేలు నేను చీటీ పాడిన డబ్బు. ఇప్పుడు దానికి ఏడెనిమిది నెలలు. ఒక చెవి నిలబడింది, ఇంకోటి వాలిపోయింది. మా మరిది చూసి, 'వదినా, ఇదేం ఆల్సేషియన్? వీధి కుక్క. పన్నెండు వేలు సముద్రంలో పోశారు' అని నవ్వాడు. అప్పట్నించి మా ఆయన దాని మొహం చూడటం లేదు. ఆదివారం బండి మీద తీసుకపోయి ఎక్కడన్నా దూరంగా వదిలేసి వస్తానంటుండాడు. పాప సరిగ్గా అన్నం తినడం లేదు. ఇది ఆల్సేషియనో కాదో ఎట్లా తెలుసుకోవాలో చెప్పు అక్కయ్యా. అవునని తేలితే ఉంచుకుంటాడు."

ఆ చివరి మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. ఉత్తరం గురువారం వచ్చింది. ఆదివారానికి రెండు రోజులే. పత్రికలో జవాబు రాస్తే అది అచ్చయి చేరేసరికి ఆ కుక్క ఏ రోడ్డు మీద ఉంటుందో! మా పెదనాన్న కొడుకు పశువైద్యుడిగా చేసి రిటైరయ్యాడు. "అన్నయ్యా, ఒక్కసారి రావాలి" అని బతిమాలి, శనివారం పొద్దున్నే నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా బయల్దేరాం.

దారిలో నేనొక మాట అన్నాను. "అన్నయ్యా, అది ఏదైనా సరే, ఆల్సేషియనే అని ఒక్క మాట చెప్పెయ్యరాదా? ఒక ప్రాణం నిలబడుతుంది."

అన్నయ్య ఒప్పుకోలేదు. "ఇవాళ నేను అబద్ధం చెప్తాను. రేపు ఇంకొకడు చూసి నిజం చెప్తాడు. అప్పుడు దానికి దిక్కెవరు?" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను.

టేపుతో మొదలు

ఇల్లు చేరేసరికి కుక్క వాకిట్లో కట్టేసి ఉంది. పేరు టైగర్. మమ్మల్ని చూడగానే గట్టిగా అరిచింది. పాప మెడ మీద చెయ్యి వెయ్యగానే ఊరుకుంది. అన్నయ్య, "అమ్మా, కుట్టు మిషన్ టేపు ఉంటే ఇవ్వు" అన్నాడు. చెల్లెమ్మ ఆశ్చర్యపోతూ తెచ్చి ఇచ్చింది.

కుక్క ఎత్తు కొలవాలంటే తల దాకా కొలవకూడదు. మెడ అయిపోయి వీపు మొదలయ్యే చోట, ముందు కాళ్ళకి సరిగ్గా పైన, ఎత్తుగా తగులుతుందే, ఆ మూపు దాకా కొలవాలి. కుక్క నాలుగు కాళ్ళ మీదా తిన్నగా నిలబడి ఉండాలి. ఆల్సేషియన్ మగది పెద్దదయ్యాక 60 నుంచి 65 సెంటీమీటర్లు, ఆడది 55 నుంచి 60 ఉంటుంది. బరువు మగది 30 నుంచి 40 కిలోలు, ఆడది 22 నుంచి 32. ఏడెనిమిది నెలలకే ఎత్తు చాలామటుకు వచ్చేస్తుంది. ఆ తర్వాత ఒళ్ళు చేస్తుంది. టైగర్ మగది. టేపు 48 దగ్గరే ఆగింది.

తర్వాత రొమ్ము ముందు భాగం నుంచి వెనక తుంటి ఎముక చివర దాకా నిడివి కొలిచాడు. ఆల్సేషియన్ ఒళ్ళు చదరంగా ఉండదు, కొంచెం సాగినట్టు ఉంటుంది. ఎత్తు కంటే నిడివి పదో వంతు నుంచి ఆరో వంతు దాకా ఎక్కువ. 60 సెంటీమీటర్ల ఎత్తున్న కుక్క నిడివి 66 నుంచి 70 దాకా వస్తుందన్నమాట. టైగర్ నిడివి 49. ఎత్తెంతో నిడివీ ఇంచుమించు అంతే.

చెల్లెమ్మ మొహంలో రంగు మారడం నేను చూస్తూనే ఉన్నాను. వాళ్ళాయన గుంటల కాడ నుంచి అప్పుడే వచ్చి, అరుగు మీద కూర్చుని ఏమీ మాట్లాడకుండా వింటున్నాడు.

చెవులు

ఆల్సేషియన్ పిల్ల పుట్టినప్పుడు చెవులు వాలిపోయే ఉంటాయి. మూడో నెల నుంచి ఆరో నెల లోపల మెల్లగా లేస్తాయి. పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు వచ్చే రోజుల్లో లేచిన చెవి మళ్ళీ వాలడమూ మామూలే. అందుకని నాలుగో నెలలో చెవి చూసి కంగారు పడకూడదు. చెవులు పెద్దవై, మొనదేలి, రెండూ ముందుకు తిరిగి నిటారుగా నిలబడటం ఈ జాతి గుర్తు.

అన్నయ్య టైగర్ నోరు తెరిచి చూశాడు. కుక్కకి పాలపళ్ళు 28, గట్టిపళ్ళు 42. ఆరేడు నెలలకి అన్నీ వచ్చేస్తాయి. టైగర్‌కి కోరలు పూర్తిగా దిగాయి. కాబట్టి "పళ్ళు వచ్చేటప్పుడు వాలింది, మళ్ళీ లేస్తుంది" అని చెప్పుకునే కాలం దాటిపోయింది. అయితే చెవి ఒక్కటే చూసి జాతి కాదని తేల్చకూడదు. దెబ్బ తగిలినా, జబ్బు చేసినా మేలుజాతి కుక్క చెవి కూడా వాలిపోవచ్చు. అన్ని గుర్తులూ కలిపి చూడాలి.

ఇక్కడ ఒక సంగతి బయటపడింది. చెవి నిలబడుతుందని ఎవరో చెప్తే, అత్తగారి మోకాళ్ళ నొప్పులకి తెచ్చిన క్యాల్షియం మాత్రలు రోజూ రెండు చొప్పున కుక్కకి పెడుతోందట చెల్లెమ్మ. అన్నయ్య గట్టిగానే కేకలేశాడు. పెరిగే వయసులో పెద్ద జాతి పిల్లలకి క్యాల్షియం ఎక్కువైతే ఎముకలు వంకర పోతాయి, కీళ్ళు చెడతాయి. డాక్టరు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా వెయ్యకండి.

తోక, వీపు, కాళ్ళు

ఆల్సేషియన్ తోక గుబురుగా ఉండి, వెనక కాలి మడమ కీలు దాకా అందుతుంది. ఊరికే నిలబడినప్పుడు కొడవలిలా మెత్తటి వంపుతో కిందికి వేలాడుతుంది. హుషారొస్తే పైకి లేస్తుంది గానీ వీపు మీద చుట్ట చుట్టుకోదు. మన టైగర్ తోక వీపు మీద గాజులా చుట్టుకుని ఉంది.

వీపు గట్టిగా ఉండి, మూపు నుంచి తుంటి వైపు కొంచెం ఏటవాలుగా దిగుతుంది. కొందరు అమ్మేవాళ్ళు నడుము మరీ కిందికి దిగిపోయి, వెనక కాళ్ళు ఈడ్చినట్టు నడిచే కుక్కని చూపించి అదే అసలు జాతి అంటారు. నమ్మకండి. ఈ జాతిలో తుంటి కీలు సరిగ్గా అమరని జబ్బు కొన్నిటికి వంశపారంపర్యంగా వస్తుంది. లేచేటప్పుడు కష్టపడే పిల్లనీ, కుందేలులా రెండు వెనక కాళ్ళూ కలిపి గెంతే పిల్లనీ తీసుకునే ముందు డాక్టరుకి చూపించాలి. పాదాలు గుండ్రంగా, వేళ్ళు దగ్గరగా ఉండాలి.

బొచ్చు, రంగు, మొహం

ఆల్సేషియన్‌కి బొచ్చు రెండు పొరలు. పైన గరుకుగా ఒక పొర, దాని కింద దూదిలా మెత్తగా ఇంకో పొర. వీపు మీద బొచ్చు వేళ్ళతో ఎదురు దువ్వి చూస్తే తెలిసిపోతుంది. పిల్లలు పుట్టినప్పుడు నల్లగా ఉండి, పెరిగేకొద్దీ రంగు విప్పుకుంటాయి. వీపు మీద జీను వేసినట్టు నలుపు, కాళ్ళకీ పొట్టకీ గోధుమ రంగు, ఇది మనం ఎక్కువగా చూసేది. పూర్తి నల్లవీ, బూడిద రంగువీ కూడా ఉంటాయి. ముక్కు నల్లగా ఉండాలి. కళ్ళు బాదం గింజ ఆకారంలో, ముదురు గోధుమ రంగులో ఉండాలి. రొమ్ము మీద చిన్న తెల్ల మచ్చ ఉంటే తప్పు లేదు. కాళ్ళూ మెడా తెల్లగా ఉంటే అనుమానించాలి.

టైగర్‌ని చిన్నప్పుడు ఎందుకు నమ్మారో ఇప్పుడు అర్థమైంది. వీపు మీద నల్ల చారికలు ఉన్నాయి. నెలన్నర పిల్లగా ఉన్నప్పుడు ఒళ్ళంతా ముదురుగా, చెవులు వాలి, బొద్దుగా ఉండి ఉంటుంది. ఆ వయసులో ఏ కుక్కపిల్లయినా ముద్దుగానే ఉంటుంది. ఇప్పుడు చూస్తే బొచ్చు ఒకటే పొర, పొట్టిగా ఉంది. ఏదైనా చప్పుడు వింటే నుదురు ముడతలు పడుతోంది.

ఆ పేరెలా వచ్చింది?

ఈ జాతి అసలు పేరు జర్మన్ షెపర్డ్. షెపర్డ్ అంటే గొర్రెల కాపరి. జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే సైనికాధికారి 1899లో గొర్రెల కాపరుల కుక్కల నుంచి ఏరి ఈ జాతిని తీర్చిదిద్దాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ పేరంటేనే గిట్టక ఇంగ్లీషు వాళ్ళు దీన్ని ఆల్సేషియన్ అన్నారు. 1977లో అక్కడి కెన్నెల్ క్లబ్బు మళ్ళీ పాత పేరే పెట్టింది. మనం మాత్రం ఇంకా ఆల్సేషియన్ అనే అంటున్నాం. రెండు పేర్లు చెప్పి రెండు ధరలు అడిగేవాళ్ళు ఉంటే రెండూ ఒకటేనని గుర్తుంచుకోండి.

కాపలాకి కొనే మిగతా పెద్ద జాతుల గుర్తులు కూడా చెప్పేస్తాను. డాబర్‌మాన్ మగది 68 నుంచి 72 సెంటీమీటర్ల ఎత్తు. ఒళ్ళు సన్నగా, బిగువుగా, నున్నగా ఉంటుంది. నలుపు మీద ఇటుక రంగు, రెండు కళ్ళ పైనా ఒక్కో బొట్టు. దాని చెవులు పుట్టుకతో వాలేవే. నిలబడి ఉంటే కోయించారన్నమాట. అందం కోసం ఆ నోరు లేని జీవాన్ని కోయించవద్దు. రాట్‌వీలర్ రంగు కూడా నలుపూ ఇటుకే గానీ తల వెడల్పు, మెడ లావు, చెవులు వాలి ఉంటాయి. మగది 50 కిలోల దాకా తూగుతుంది. గ్రేట్ డేన్ మగది 80 సెంటీమీటర్లకి తక్కువ ఉండకూడదు. మన పక్కనున్న తమిళనాడు వాళ్ళ రాజపాళయం కుక్క తెల్లటి ఒళ్ళు, గులాబి రంగు ముక్కు. 2005లో తపాలా బిళ్ళ మీద కూడా వచ్చింది.

రాట్‌వీలర్ లాంటి జాతులు కొనాలనుకునేవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఇరవైకి పైగా జాతుల అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకి ఉత్తరం రాసింది. అందులో రాట్‌వీలర్ కూడా ఉంది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. కొనే ముందు మీ మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో అడిగి తెలుసుకోండి.

మన తీరం కుక్క

టైగర్ నుదుటి ముడతలు చూసి అన్నయ్య మన కోస్తా జాతి ఒకటి చెప్పాడు. పేరు జోనంగి. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి మన నెల్లూరు దాకా తీరం వెంట ఉండేది. పొట్టి బొచ్చు, ముడతల నుదురు, చుట్టుకున్న తోక. మామూలు కుక్కలా మొరగడం తక్కువ, రాగం తీసినట్టు కూస్తుంది. నేల తవ్వి గుంట చేసుకుని పడుకుంటుంది. ఒక్క మనిషికే అంటిపెట్టుకుని ఉంటుంది. కొల్లేటి వైపు బాతుల మందలు కాసేవాళ్ళకి ఇవే తోడు. బాతుల పెంపకం పోయి చేపల చెరువులు, రొయ్యల చెరువులు వచ్చేసరికి వాటికి పని లేకుండా పోయింది, జాతే అరుదైపోయింది.

"అయితే మా టైగర్ జోనంగియా?" అని పాప ఆశగా అడిగింది. అన్నయ్య నవ్వి, "ఒక ముడత చూసి జాతి చెప్పకూడదు తల్లీ. ఆల్సేషియన్ కాదని చెప్పగలం. ఏయే రక్తాలు కలిశాయో కంటి చూపుతో చెప్పలేం" అన్నాడు.

అరుగు మీద మాట

అప్పుడు చెల్లెమ్మ భర్త నోరు విప్పాడు. "అయితే మోసపోయినట్టేనా సార్?"

"డబ్బు కాడ మోసపోయారు నాయనా. అది అమ్మినవాడి మోసం. ఈ కుక్క మిమ్మల్ని మోసం చెయ్యలేదు. నేను ఆల్సేషియన్ని అని అది ఎప్పుడన్నా చెప్పిందా?"

ఎవరూ నవ్వలేదు. అంతదాకా స్తంభానికి ఆనుకుని కూర్చున్న అత్తగారు మెల్లగా అంది. "మొన్న అమావాస్య రాత్రి తోటలో ఎవరో బ్యాటరీ లైటేసుకుని తిరిగారు. నువ్వు గుంటల కాడుండావు. ఇది తెల్లారేదాకా గడప ముందర నుంచి కదల్లేదు. అరిచి అరిచి గొంతు పోయింది. చెప్తే నువ్వు దిగులు పడతావని చెప్పలేదు."

ఆయన తల వంచుకున్నాడు. అన్నయ్య ఇంకొక్క మాటే అన్నాడు. పెంచిన జంతువుని తిండీ నీళ్ళూ దొరక్క అల్లాడేలా వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. ఇంట్లో పెరిగిన కుక్కకి వీధిలో బతకడం రాదు. వేరే కుక్కలు బతకనివ్వవు.

మేం బయల్దేరుతుంటే ఆయన లేచి, ఖాళీగా ఉన్న కుక్క గిన్నె తీసుకుని తొట్టి దగ్గరికి పోయి నీళ్ళు ముంచాడు. ఏమీ మాట్లాడలేదు. పాప మాత్రం వాళ్ళ నాన్న చేతినే చూస్తూ నిలబడింది.

కొనబోయే చెల్లెళ్ళకు

గుర్తులు చూడాల్సింది కొనే ముందే. ఇంటికి తెచ్చాక అది జాతి కాదు, మన ఇంటి జీవం. అందుకని డబ్బు చేతులు మారకముందే ఈ పనులు చెయ్యండి.

తల్లిని చూడాలి. పిల్ల ఏ జాతో చెప్పడం కష్టం గానీ తల్లిని చూస్తే చాలా తెలుస్తుంది. తల్లి ఊళ్ళో లేదు, చూపించం అంటే లేచి వచ్చెయ్యండి.

ఎనిమిది వారాలు నిండని పిల్లని తీసుకోకండి. 2017 నాటి కుక్కల పెంపకం నిబంధనల ప్రకారం అలాంటి పిల్లని అమ్మడమే తప్పు. టైగర్‌ని నెలన్నరకే అమ్మేశారు. అప్పుడే అనుమానం రావాల్సింది.

కాగితాలు తర్వాత పంపిస్తానంటే నమ్మకండి. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే సర్టిఫికెట్‌లో మైక్రోచిప్ నంబరు ఉంటుంది. ఆ చిప్ బియ్యపు గింజంత ఉండి, కుక్క చర్మం కింద ఉంటుంది. స్కానరున్న డాక్టరు దగ్గర నంబరు కలిపి చూడండి. డబ్బు కట్టినందుకు రసీదు అడగండి.

మన ఎండల సంగతి ఆలోచించండి. రెండు పొరల బొచ్చున్న కుక్క రోహిణి కార్తెలో నెల్లూరులో ఎలా ఉంటుంది? దానికి నీడ, చల్లటి గచ్చు, ఎప్పుడూ నీళ్ళు కావాలి. చల్లగా ఉంటుందని బొచ్చు గొరిగించకండి. ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. తిప్పడం తెల్లవారుజామున, పొద్దుగూకాకే. రోజూ ఊడ్చినా ఇంటినిండా బొచ్చే ఉంటుంది, అదీ తెలుసుకుని తెచ్చుకోండి.

ఏ కుక్కకైనా మొదటి టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలు. పిచ్చికుక్క వ్యాధి టీకా మూడు నెలలకి, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు. చెవుల వెనక, వేళ్ళ సందుల్లో గోమార్లు వెతికి తీసెయ్యండి. సముద్రంలో తడిస్తే మంచినీళ్ళతో కడగండి. రాత్రి మిగిలిన చేపల పులుసు దానికి పొయ్యకండి. కారం, చింతపండు సంగతి అటుంచి, ముల్లు గొంతులో దిగుతుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండు ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకి విషం. ఉడికిన కోడి ఎముకలు పేగుల్లో గుచ్చుకుంటాయి. ఎవరినైనా కరిస్తే గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బూ నీళ్ళతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇది అచ్చుకి పంపేలోపే ఒక కార్డు వచ్చింది. పాప దస్తూరీ, కోడికాళ్ళ అక్షరాలు. "పెద్దమ్మా, టైగర్ మా ఇంట్లోనే ఉండాది. పగలు నాన్నతో గుంటల కాడికి పోతాది. రాత్రి మా కాడ పడుకుంటాది. బాబాయి వచ్చి ఇదేం జాతి అని అడిగితే, మా నాన్న, మా టైగర్ అన్నాడు."

కొత్తిమీర సంగతి వచ్చే వారం.

మీ అక్కయ్య